మూత కింది అక్షరాలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పేరు లేని గిన్నె ఉండేది కాదు. అమెరికాలోని షామ్‌బర్గ్‌లో కాపురం పెట్టినప్పుడు అమ్మ ఇండియా నుంచి మోసుకొచ్చిన స్టీలు సామాన్లన్నిటి మీదా పొడి అక్షరాలు, కొన్న సంవత్సరం చెక్కించి ఉండేవి. పొరపాటున ఎవరి గిన్నైనా మా ఇంట్లో ఉండిపోతే, అది వాళ్ళకు చేరేదాకా అమ్మకు ముద్ద దిగేది కాదు. అదీ ఖాళీగా కాదు, గుప్పెడు పంచదారైనా పోసి పంపేది. ఆ జబ్బు నాకూ అంటుకుంది.

పక్కింట్లో ఒక అమెరికన్ తాతగారు ఒంటరిగా ఉండేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో యూరప్‌లో పోరాడి వచ్చిన మనిషి. నాకు పదేళ్ళప్పుడు స్కూల్ క్యాంప్‌కు నీళ్ళ సీసా లేదని తెలిసి, బేస్‌మెంట్‌లోంచి ఒకటి తెచ్చి ఇచ్చారు. అల్యూమినియం సీసా, చుట్టూ గోధుమరంగు ఉన్ని తొడుగు, పైన బోర్లించిన నల్లటి కప్పు.

"ఇది జర్మన్ సోల్జర్ల బాటిల్‌లా ఉందే. పర్లేదులే, క్లీన్ చేసి యూజ్ చేసుకో" అన్నారు నాన్న.

కడుగుదామని మూత తీశాను. సీసా మెడ మీద మూడు అక్షరాలు, పక్కనే 41 గుద్ది ఉన్నాయి. అవి తాతగారి పేరులోవి కావు. మా ఇంటి లెక్క ప్రకారం అది సొంతదారు పేరు, కొనుక్కున్న ఏడు. అంటే ఎవరో తన సీసా కోసం ఇంకా వెతుక్కుంటున్నాడు. కప్పు చూద్దును కదా, దాని మీద ఇంకేవో అక్షరాలు! ఒకడు కాదు, ఇద్దరు. ఇక నాకు అన్నం సయించలేదు. ఎవరు తలుపు తట్టినా వాళ్ళే అనుకున్నాను.

"అంత భయమైతే రిటర్న్ చేసెయ్యవే. ఖాళీగా ఇవ్వకు, కాస్త షుగర్ పొయ్యి" అంది అమ్మ.

కప్పులో పంచదారతో వెళ్ళిన నన్ను చూసి తాతగారు తెల్లబోయారు. గిన్నెల సంగతి, పంచదార సంగతి చెబితే నవ్వి పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆ అక్షరాలు మనుషులవి కావట, తయారుచేసిన ఫ్యాక్టరీల గుర్తులట. అంకె తయారైన సంవత్సరం. సీసా ఒక చోటిది, కప్పు ఇంకో చోటిది. ఏ అక్షరాలు ఏ ఊరి ఫ్యాక్టరీవో కూడా ఆయనకు కంఠతా వచ్చు. నా ప్రాణం కుదుటపడింది.

"మరి ఈ సీసా వాడినాయన పేరెక్కడ, అంకుల్?" అన్నాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. సీసాను ఒళ్ళోకి తీసుకుని చెప్పారు. ఒక చలికాలం, దాహంతో నాలుక పిడచకట్టినప్పుడు, మంచులో చనిపోయి ఉన్న ఒక జర్మన్ కుర్రవాడి నడుము నుంచి ఈ సీసా తీసుకుని తాగారట. అతనెవరో తెలియదు. ఇన్నేళ్ళూ ఫ్యాక్టరీల గురించి తెలుసుకున్నారు కానీ, ఆ తొడుగు మాత్రం ఎప్పుడూ విప్పలేదట.

చెక్కించని గిన్నెలకు అమ్మ అడుగున మేకుతో పేరు గీస్తుందని చెప్పాను. ఆయన బొటనవేలు తొడుగు టిచ్ బటన్ మీదే ఉంది కానీ విప్పదు. నాకు మళ్ళీ భయం పట్టుకుంది. పేరు ఉంటుందేమోనని, ఉండదేమోనని కూడా. చివరికి ఆయనే బటన్లు ఒక్కొక్కటిగా విప్పారు. సీసా పక్కన, మేకుతోనో కత్తి మొనతోనో గీసిన పేరు. వంకర అక్షరాలు, నా చేతిరాతలాగే. ఆయన దాన్ని పైకి చదివి, ఇంకోసారి చదివి, ముఖం రెండు చేతుల్లో దాచుకున్నారు. ఏం చెయ్యాలో తెలియక ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

క్యాంప్‌కు ప్లాస్టిక్ సీసాతో వెళ్ళాను. ఆ తరవాత ఎప్పుడెళ్ళినా ఆయన వంటగది గట్టు మీద ఆ జర్మన్ సీసా నీళ్ళతో నిండుగా ఉండేది. ఖాళీగా ఉంచకూడదని మీ అమ్మే కదా చెప్పింది, అనేవారు.

తాతగారు పోయి చాలా ఏళ్ళయింది. సీసా ఎవరి చేతికి వెళ్ళిందో తెలియదు. ఇప్పటికీ పాత వస్తువేది దొరికినా, చేసినవాళ్ళ ముద్ర చూసి ఊరుకోలేను. వాడినవాళ్ళ గీత కోసం తిరగేసి వెతుకుతాను. ఆ కుర్రవాడి పేరు మరిచిపోతానేమోనన్న భయంతో అప్పుడప్పుడూ పైకి అనుకుంటాను. నా దగ్గర ఉండిపోయిన పరాయి గిన్నె ఆ పేరొక్కటే. ఎవరింటికి పంపాలో తెలియదు.