ఇంతకీ ఆ బంతి ఏమైంది?

కారు నడపడం రానివాణ్ణి అమెరికాలోని మా బెంటన్‌విల్‌లో సగం మనిషిగానే చూసే రోజులవి (ఇప్పుడూ పెద్దగా మారిందేమీ లేదు). ఎమ్మెస్ పూర్తిచేసి కొత్తగా ఉద్యోగంలో చేరిన నేను ఆఫీసుకైనా, కూరగాయలకైనా రూమ్మేట్ కార్లోనే తిరిగేవాణ్ణి. అతను వరంగల్ వాడు, నాకన్నా పెద్ద, అందుకని అన్న అనేవాణ్ణి. ఇంతలో అన్నకి డాలస్‌లో ప్రాజెక్టు వచ్చింది. నెలాఖరుకి కారుతో సహా వెళ్లిపోతున్నాడు. ఈలోగా లైసెన్స్ రాకపోతే నా ఉద్యోగం సంగతి దేవుడెరుగు, ఆఫీసుకి నడిచి వెళ్దామన్నా దారిలో ఫుట్‌పాత్ లేదు.

అలా డ్రైవింగ్ స్కూల్లో చేరాను. నేర్పడానికి వచ్చినాయన అరవై దాటిన ఆజానుబాహువు. ఆ చిన్న కార్లో ఆయన మోకాళ్లు డాష్‌బోర్డుకి ఆనేవి. వయసులో ఉండగా కెనడాలో ఫుట్‌బాల్ ఆడేవాణ్ణనీ, క్వార్టర్‌బ్యాక్‌ననీ మొదటిరోజే చెప్పాడు. నేను మర్యాద కొద్దీ ఎన్ని గోల్స్ కొట్టారని అడిగాను. ఆయన కారు పక్కకి ఆపమన్నాడు (నా డ్రైవింగ్ చూసి కూడా అంతవరకు ఆపమనలేదు). అది చేత్తో బంతి విసిరే ఆటనీ, ఎవరికి విసరాలో తేల్చేవాడే క్వార్టర్‌బ్యాక్ అనీ, పది గజాలు ముందుకెళ్లడానికి అమెరికాలో నాలుగు అవకాశాలిస్తే కెనడాలో మూడే ఇస్తారనీ ఓపికగా చెప్పాడు. ఇక్కడ ఏ జట్టూ తీసుకోకపోతే సరిహద్దు దాటి వెళ్లాడట, వెళ్లి రెండు సీజన్లు బెంచీ మీదే కూర్చున్నాడట. పరాయి దేశం వెళ్లి బెంచీ మీదున్న అమెరికావాణ్ణి చూడటం నాకదే మొదటిసారి.

ఆపైన ప్రతి శనివారం ఆయన కథ కాస్త ముందుకి, నా పార్కింగ్ కాస్త వెనక్కి నడిచాయి. ఇంటికొచ్చి అదంతా చెబుతుంటే అన్న విసుక్కునేవాడు. "నువ్వు డ్రైవింగ్ నేర్చుకుంటున్నవా, కథలు వినొస్తున్నవా?" అంటూనే పప్పు తాలింపేస్తూ, "గీ వారమన్నా పెద్దాయన్ని ఆడనిచ్చిన్రా?" అని అడిగేవాడు. ఫోన్లో వెతికితే నిమిషంలో తెలిసేదే. ఎందుకో ఇద్దరికీ వెతకబుద్ధి కాలేదు.

టెస్ట్ రోజు ఆయనే తీసుకెళ్లాడు. దారిలో కథ పాకాన పడింది. అసలు క్వార్టర్‌బ్యాక్ చీలమండ మెలిపడి, ఈయన్ని దింపారు. మంచు కురుస్తోంది. నాలుగు పాయింట్లు వెనకబడ్డారు, ఆఖరి నిమిషం, మూడో అవకాశం. మూలన తనవాడొకడు ఖాళీగా కనిపిస్తే బలంకొద్దీ విసిరాడు. సరిగ్గా అప్పుడే లైసెన్స్ ఆఫీసు వచ్చేసింది. ఆయన దిగి, పరీక్ష పెట్టే ఆఫీసరు ఎక్కాడు. నా బుర్రలో బంతి ఇంకా గాల్లోనే ఉంది. స్టాప్ సైన్ వచ్చింది, వెళ్లిపోయింది కూడా. ఆఫీసరు మెల్లిగా, కారు వెనక్కి తిప్పమన్నాడు.

పెద్దాయన నా భుజం తట్టి, మొదటిసారి చాలామంది ఫెయిలవుతారని ఓదార్చబోయాడు.

"ఇంతకీ ఆ బంతి ఏమైంది?" అన్నాను.

ఆయన నా భుజం మీంచి చెయ్యి తీశాడు. "అవతలి జట్టువాడు పట్టుకున్నాడు. ఓడిపోయాం."

టెస్ట్ పోయినందుకన్నా దానికే ఎక్కువ బాధేసింది. తర్వాత మిమ్మల్ని తీసేశారా అని అడిగాను.

"లేదు. మరుసటి వారం మళ్లీ నన్నే దింపారు. ఆ తర్వాత ఏడేళ్లు ఆడాను," అన్నాడు. "అందరూ ఆ ఒక్క బంతి దగ్గరే ఆగిపోతారు. ఆ ఏడేళ్ల గురించి ఇంతవరకు ఎవరూ అడగలేదు."

అన్న వెళ్లేముందే రెండో టెస్ట్ పాసయ్యాను. పాసయ్యాక వచ్చిన శనివారం, హైవే అంటే భయమని అబద్ధమాడి ఇంకో క్లాసు బుక్ చేశాను. పెద్దాయన నమ్మినట్టే నటించాడు. ఫేయెట్‌విల్ దాకా వెళ్లొచ్చేలోగా ఏడేళ్లూ చెప్పాడు: ఊళ్లు, చలి, గెలిచిన ఆటలు, చివరికి చెయ్యెత్తనివ్వని భుజం.

ఇప్పుడు సినిమా మొదలైన పదినిమిషాలకే ముగింపు ఫోన్లో చూసేసుకుంటాను. లైసెన్స్ జేబులో పెట్టుకుని, ఎవరిదో భుజం ఎప్పుడు నొప్పెట్టడం మొదలైందో వినడానికి శనివారమంతా కారు నడిపిన ఆ కుర్రాడంటే నాకు భలే ఇష్టం. ఈమధ్య అతను నాలో కనపడటం తగ్గించాడు.