డిస్కు ఖాళీ, సీసాలు కలగాపులగం

కంప్యూటర్ని బాగుచేయబోయి గోంగూర పచ్చడిని పాడుచేసినవాణ్ణి మీరెప్పుడూ చూసుండరు. చూసుకోండి, నేనే. నవ్వేవాళ్లు ఇప్పుడే మొదలుపెట్టుకోవచ్చు. చివరిదాకా దాచుకుంటే పొట్ట పట్టుకోవలసి వస్తుంది.

యాంగోన్‌లో, పబేడాన్ సందుల్లో మా సింహాచలం అత్తది పచ్చళ్ల కొట్టు. బర్మావాళ్లకీ గోంగూరంటే ప్రాణమే. అత్త రెండు రకాలు పెడుతుంది: ఒకటి ఉత్తి గోంగూర, ఇంకోటి ఎండురొయ్యల పొడి కలిపింది. కవల పిల్లల్లా రెండిటిదీ ఒకే రంగు, ఒకే వెల్లుల్లి ఘాటు. తేడా చెప్పేది లేబులొక్కటే. లేబుళ్లు అచ్చేసేది ఒక ముసలి ప్రింటర్, దాన్ని ఆడించేది కంప్యూటర్, కంప్యూటర్ని ఆడించేది ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టేసిన నేను.

ఈమధ్యే పట్టుబట్టి దానికి కొత్త సిస్టమ్ ఎక్కించాను. ఒకరోజు పొద్దున తెరిస్తే డిస్కులో చోటు లేదంది.

"ఏటిరా అప్పన్నా, మొన్నటిదాకా బాగానే ఉన్నాది కదా?" అంది అత్త.

వెతికాను. కొత్త సిస్టమ్ పాతదాన్ని మొత్తం మూటగట్టి ఒక మూల దాచింది! వెళ్లిపోయిన అద్దెవాళ్ల సామాను మనకెందుకు? తీసెయ్యమన్నాను. 'తీసేస్తే మళ్లీ పాతదానికి వెళ్లలేరు' అంది కంప్యూటర్. 'వెళ్తానన్నదెవడు?' అని నొక్కేశాను.

డిస్కు మైదానమైపోయింది. ఆ గర్వంతో టీ తెప్పించాను. కప్పులు పెట్టుకోవడానికి బల్లమీదా చోటు కావాలి కదండీ? లేబుళ్ల కోసం అత్త వేరువేరుగా పెట్టిన ఎడమపక్క సీసాల్నీ కుడిపక్క సీసాల్నీ కలిపి ఒక మూలకి తోసేశాను. ఆ రోజు నా చేతులకి ఖాళీ చేసే పిచ్చి పట్టింది.

"లేబుళ్లు కొట్టరా. సాయంత్రం డో ఖిన్ వొస్తాది."

డో ఖిన్ పెద్దావిడ. మాంసం, చేప ముట్టనని మొక్కుకుంది. మర్నాడు విహారంలో శాకాహారులైన భిక్షువులకు ఉత్తి గోంగూర దానం చేయాలని ముందే చెప్పి ఉంచింది.

ప్రింటర్ పలకలేదు. పక్క కొట్లో ఫోన్లు బాగుచేసే కో టున్‌ని పిలిచాను. నేనిచ్చిన టీ తాగుతూ చూసి, బర్మీలో తేల్చేశాడు.

"దీనికి కొత్త సిస్టమ్ పడదు. పాతదానికి వెనక్కి వెళ్లిపో. ఒక్క నొక్కు చాలు."

"ఆ పాతదాన్ని ఇందాకే పారేశాను."

కో టున్ నావైపు కాదు, అత్తవైపు జాలిగా చూశాడు. టీ సగంలో వదిలేసి జారుకున్నాడు.

"సర్లే, సేత్తో రాసీ. ఎడంపక్కవి ఉత్తివి" అంటూ అత్త అటు తిరిగింది. ఎడంపక్క టీ కప్పులున్నాయి. "ఓలమ్మా! సీసాలేవిరా?"

"కలిసిపోనాయత్తా. నువ్వోపాలి రుచి సూస్తే..."

"కార్తీకమాసంలో నాసేత రొయ్యలు తినిపిస్తావేటి? కలిపినోడివి నువ్వే, నువ్వే సూడు!"

చెంచా పట్టుకుని కూర్చున్నాను. నాకూ ఆచారం తెలుసండీ! ఎంగిలి కాకూడదని చెంచా నోటికి తగలనివ్వలేదు. అరచేతిలో వేసుకుని నాకాను. "ఉత్తిది." "రొయ్య." "ఉత్తిది." నాలుక మండిపోయింది, కళ్లలోంచి బాగో నది పారింది. అయినా ఒక్క సీసా వదల్లేదు. అన్నీ వేరుచేసి, లేబుళ్లు రాసి, వరసల్ని చూసి మురిసిపోతుండగా డో ఖిన్ వచ్చింది.

"ఇవి ఉత్తివేనా బాబూ?"

"ప్రతి సీసా నేనే రుచి చూశానమ్మా. చెంచా ఎంగిలి కూడా కానివ్వలేదు!"

"ఈ చెంచాతోనేనా?"

"అవునమ్మా."

"రొయ్యలవి కూడా?"

"అవున..."

రొయ్య సీసాలోంచి ఉత్తి సీసాలోకి, అక్కణ్ణుంచి తర్వాతి సీసాలోకి నా చెంచా చేసిన యాత్ర అందరికీ కళ్లముందు కనబడింది.

అత్త నా చేతిలోని కలం తీసుకుంది. "పోన్లే, రాతపని తగ్గిపోనాది. అన్నిటిమీదా రొయ్యలనే రాసీ."

డో ఖిన్ నవ్వాపుకోలేక, పొద్దున్నే వస్తానని వెళ్లింది. ఆవిడ దానం కోసం అత్త మళ్లీ పొయ్యి వెలిగించింది. చేతులు కడిగించి, నా ముందు గోంగూర కట్టలు కొండలా పోసింది.

ఆ కట్టల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: డిస్కు కానీ, బల్ల కానీ, ఈ జన్మలో ఇక నా చేత్తో దేన్నీ ఖాళీ చేయను. కో టున్ వదిలేసిన ఆ సగం టీ తప్ప.