అక్క ఇంటి అటక

1974 ఎండాకాలం. పటాన్‌చెరు దిక్కు ఒక ఫ్యాక్టరీల లాగింగ్ ఫిట్టర్‌గ చేస్తున్న. లాగింగ్ అంటే ఆవిరి పైపుల వేడి బయటికి పోకుండ గ్లాస్‌వూల్ చుట్టుడు. గ్లాస్‌వూల్ అంటే గాజుతోటి తీసిన దూది. నాతోటి పనిచేసే సుబ్బారావు కృష్ణా జిల్లా నుంచి వచ్చిండు. మెత్తగ మాట్లాడుతడు, అందరికీ ఆడే ముద్దు, మా అక్కకు గూడ. ఆన్ని సూస్తెనే నాకు కడుపుమంట.

మా అక్కది రేకుల ఇల్లు, రేకుల కింద పలకల అటక. ఆమె బిడ్డ పురుటికొచ్చింది, ఆడపిల్ల పుట్టింది. పగటీలి బాలింత పండే అర్ర పొయ్యి లెక్క కాలుతుండె. పసిగుడ్డు పాలు గూడ తాగకపాయె. అర్ర సల్లబడే ఉపాయం చెప్పుమని అక్క నన్ను పిలిచింది, సుబ్బారావును గూడ పిలిచింది. సొంత తమ్ముడుండంగ ఆడెందుకే?

"గ్లాస్‌వూల్ మంచిదండీ అక్కగారూ. గుడ్డలో కుట్టి అటక మీద పరుస్తాను" అన్నడు.

నేను చెప్పాల్సిన మాటే! ఆడు ముందుగాల అనేసరికి నాకు రోషమొచ్చింది. "వడ్ల ఊక బస్తాలు పరిస్తే సాలు" అన్న.

"ఊకకు ఎలుకలు రావా తమ్మీ? నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అన్నది అక్క.

సుబ్బారావు ఆమె పాత చీరలల్ల గ్లాస్‌వూల్ కుట్టి, బొంతల లెక్క పరిచిండు. అర్ర సల్లబడ్డది. ఇగ అక్క నోట ఆని పేరే. నాకు బువ్వ సయించలే.

కొన్నాళ్లకే పిల్ల ఒకటే ఏడుపు. ఒళ్లంత ఎర్రగ దద్దులు. ఒకరు చెమటకాయలన్నరు, ఒకరు దిష్టన్నరు. ఆని పనిల తప్పు దొరుకుతదేమోనని నేను నిచ్చెనేసి అటకెక్కిన. కుట్లు గట్టిగనే ఉన్నయి, పాడుగాను! ఓ మూలకు మాత్రం ఖాళీ.

"అక్కా, ఈడ ఉండాల్సిన బొంత ఏదే?"

"మెత్తగున్నదని తొట్టెలల్ల పిల్ల కింద ఏసిన. పాత చీర బొంతనే గద!"

గబగబ దిగి పిల్లను ఎత్తుకున్న. "అది దూది గాదే, గాజు! చీరలకెల్లి గుచ్చుకుంటున్నది." రుద్దకుండ నీళ్లు పోపిచ్చి, డాక్టరు తాన్కి ఉరికినం. మెల్లగ దద్దులు తగ్గినయి, పిల్ల పాలు తాగింది.

"గాజని చెప్పి ఉండాల్సిందండీ" అని సంగతి తెలిసి వచ్చిన సుబ్బారావు కండ్లనీళ్లు పెట్టుకున్నడు. అక్క ఆనికే గలాసెడు సల్ల ఇచ్చి ఓదార్చింది. నన్ను మంచినీళ్లు తాగుతవా అని గూడ అడగలే.

ఇంటికి ఏ సరుకు మంచిదో సూసుకుంటే సాలదు, ఆ ఇంట్లోళ్ల కండ్లకు అది ఎట్ల కనిపిస్తదో గూడ సూడాలె. అప్పటిసంది ఏ ఇంట్ల గ్లాస్‌వూల్ పరిచినా నేను చీరలల్ల కుట్టలే, బొంత లెక్క కనిపించొద్దని మందం గోనెలనే కుట్టిన, అది గాజని ఇంటిల్లిపాదికి చెప్పినంకనే అటకెక్కిన.

ఆ పిల్లకిప్పుడు పిల్లలు. "సుబ్బారావు తాత సల్లగ చేసిన అర్రల పెరిగిన" అని మురుస్తది. ఆని మీద కుళ్లు లేకుంటే ఆ దినం నేను అటకే ఎక్కకపోదునని దానికెట్ల చెప్పాలె?