వెనక అద్దం మీది పాచి

పొద్దున్నే కాఫీ తాగాక నేను చేసే మొదటి పని అద్దం గీకడం. ముఖం చూసుకునే అద్దం కాదు, హాల్లో టీవీ ఉండాల్సిన చోట కూర్చున్న చేపల తొట్టి అద్దం. గడువు తీరిన ఏటీఎం కార్డు ఒకటి పట్టుకుని, మోచేతి దాకా ఉప్పునీళ్లలో ముంచి, పైనుంచి కిందికి గీకుతాను. పచ్చటి పాచి పొరలు పొరలుగా ఊడి తేలుతుంది. గీకినంత మేర లోపలి చేపలు కనబడతాయి. రెండు రోజులు ఊరుకుంటే మళ్లీ మామూలే. అంట్లు, బట్టలు, వాకిలి, వీటన్నిటికీ తోడు ఇదొకటి. కుడి భుజం నొప్పి ఎప్పుడు మొదలైందో కూడా ఇప్పుడు గుర్తులేదు.

బందరులో కాపురం ఉంటూ, ఉప్పు కొని తెచ్చి నీళ్లలో కలుపుకునే ఇల్లు మాదొక్కటే అయి ఉంటుంది. ఆటో ఎక్కితే మంగినపూడి సముద్రం. కానీ ఆ నీళ్లు బురద. పైగా డెల్టాలోని మురుగు కాలువలన్నీ చివరికి చేరేది అక్కడికే, చేలల్లో చల్లిన ఎరువుతో సహా. ఆ నీళ్లు పోస్తే పాచి ఇంకా ఏపుగా పెరుగుతుందని విజయవాడ అక్వేరియం షాపతను ఫోనులో చెప్పాడు. అందుకని ప్యాకెట్ ఉప్పు, ఆర్వో నీళ్లు, వంటింటి వెనక ఒక నీలం డ్రమ్ము. "సముద్రాన్ని పక్కన పెట్టుకుని ఉప్పు కొంటారేంటండీ" అని పక్కింటావిడ నవ్వుతుంది. కలిసి నవ్వడానికి నాకు ఓపిక ఉండదు.

ఈ తొట్టి మేము కోరి తెచ్చుకున్నది కాదు. మా ఆయన దివిసీమలో, నాగాయలంక దగ్గర, ఏళ్ల తరబడి రొయ్యల చెరువులు చేశారు. పక్షవాతం వచ్చి మాటా కుడి చేయీ పడిపోయాయి. చెరువులు లీజుకిచ్చేసి, ఫిజియోథెరపీకి వీలుగా ఉంటుందని బందరు వచ్చేశాం. కాళ్లలోకి కాస్త సత్తువ వచ్చింది, మాట మాత్రం రాలేదు. ఇక్కడికి వచ్చిన దగ్గర్నుంచీ ఆయన కుర్చీ గోడ వైపు తిప్పుకుని కూర్చునేవారు. టీవీ పెడితే కళ్లు మూసుకునేవారు. చేతిలో రబ్బరు బంతి పెడితే కింద వదిలేసేవారు.

అప్పుడే ఇక్కడి పళ్ల డాక్టరుగారు ఒకరు క్లినిక్ ఎత్తేసి వేరే ఊరు వెళ్లిపోతూ, క్లినిక్‌లోని తొట్టి ఎవరికైనా ఇచ్చేద్దామని చూస్తున్నారు. మా ఇంటికొచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి మా పేరు చెప్పింది. "సార్ కళ్లకి కదిలేదేదో ఉండాలండీ" అంది. తెల్ల చారల నారింజ రంగు చేపలు రెండూ, కొన్ని రాళ్లూ, బోలెడు సరంజామాతో తొట్టి మా హాల్లో దిగింది. ఆ సాయంత్రమే ఆయన కుర్చీ ఇటు తిరిగింది. అందుకే నేను గీకుతున్నాను. అద్దం మసకబారితే మళ్లీ గోడ వైపు తిరిగిపోతారేమోనని నా భయం.

పాచి కోసం నేను పడని పాట్లు లేవు. లైటు వేసి ఉంచే సమయం తగ్గించాను. కిటికీకి దళసరి తెర కట్టాను. నత్తల్ని తెప్పించి వదిలితే కొన్నాళ్లు బాగానే తిన్నాయి, తర్వాత వాటి గుల్లల మీదే పాచి పట్టింది. రాళ్లకి జుట్టులా పట్టిన నాచుని పాత టూత్‌బ్రష్‌తో తోమాను. ప్రతి ఆదివారం బకెట్లతో నీళ్లు తోడి కొత్తవి పోశాను. చివరికి షాపతను, "మేత ఎక్కువవుతోందేమో చూసుకోండి మేడం. తినగా మిగిలింది కుళ్లితే పాచికి అదే ఎరువు" అన్నాడు. పొద్దున ఒక్కసారి చిటికెడు తప్ప వెయ్యను బాబూ అన్నాను. నమ్మినట్టు లేదు. ఒళ్లు మండి ఫోను పెట్టేశాను.

మా బావగారు, అంటే మా ఆయనకి అన్నగారు, గుడివాడలో ఉంటారు. ఆయనవీ చెరువులే. ఒకరోజు నేను గీకకముందే వచ్చారు. తొట్టి చిక్కగా, పచ్చగా ఉంది. ఆయన నేరుగా దాని దగ్గరికి వెళ్లి, దోసిట్లో కాసిని నీళ్లు తీసి వెలుతురుకి పట్టి చూసి, "ఒరే, నీళ్లకి మంచి రంగొచ్చిందిరా" అన్నారు తమ్ముడితో. చాలాకాలం తర్వాత మా ఆయన ముఖంలో నవ్వు చూశాను.

చెరువుల వాళ్లకి నీళ్లు తేటగా ఉంటే గుబులు. పచ్చగా రంగు తిరిగితేనే రొయ్యపిల్లకి తిండి, మనిషికి నిద్ర. రంగు రాకపోతే బెల్లం, తవుడు, ఈస్టు కలిపి డ్రమ్ముల్లో పులియబెట్టి మరీ పోస్తారు. పెళ్లయిన కొత్తలో మా ఆయన చొక్కాలన్నీ ఆ పులిసిన వాసనే.

"వచ్చిన రంగుని గీకి పారేస్తావేంటమ్మా" అన్నారు బావగారు.

"ఇది చెరువు కాదండీ, బావగారూ."

"ఏదైనా నీళ్లే కదమ్మా" అన్నారాయన.

తర్వాతిసారి వస్తూ ఆ పులియబెట్టిన బెల్లం నీళ్లు ఒక సీసాలో తెచ్చారు. నేను కాఫీ కలిపి తెచ్చేసరికి సీసా ఖాళీగా ఉంది, తొట్టి మజ్జిగలా తెల్లబడి ఉంది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. పెద్దవారిని ఏమంటాను? కాఫీ గ్లాసు ఆయన చేతిలో పెట్టి బకెట్లు అందుకున్నాను. ఆయన కాఫీ పక్కన పెట్టేసి, ప్యాంటు పైకి మడుచుకుని, తప్పు చేసిన పిల్లాడిలా నాతోపాటు నీళ్లు మోశారు. డ్రమ్ములో కలిపి ఉంచిన ఉప్పునీళ్లు ఉండబట్టి చేపలు దక్కాయి. పనిలో పనిగా రాళ్లూ ఇసుకా అన్నీ కడిగేశాం. ఇక కొన్నాళ్లు నా చేతికి విశ్రాంతి అనుకున్నాను. వారం తిరక్కుండా మళ్లీ పాచి.

ఒకరోజు కూరగాయలకి బయల్దేరి, సంచి మర్చిపోయి వీధి చివర్నుంచి వెనక్కి వచ్చాను. వరండా కిటికీలోంచి ఆయన కనబడ్డారు. తొట్టి ముందు నిలబడి ఉన్నారు. చేపల మేత డబ్బా ఎడమ చేత్తో గుండెకి ఆనించుకుని, కుడి చేత్తో మూత తిప్పుతున్నారు. చెంచా పట్టలేని చేయి అది. వేళ్లు జారాయి, మళ్లీ పట్టారు. మూత వచ్చింది. చిటికెడు మేత తీసి వదిలి, ఆగి, వంగి అడుగున ఇసుక వైపు చూశారు. చెరువులో మేత వేశాక చెక్ ట్రే పైకి లాగి, రొయ్య ఎంత తిన్నదో చూసుకుని మళ్లీ వేసేవారు. అచ్చం అలాగే చూసి, ఇంకో చిటికెడు వేశారు.

నాకు ముందు కోపమే వచ్చింది. నా ఆదివారాలన్నీ, నా భుజం, నేను షాపతనితో పడ్డ మాటలు. ఆ తర్వాత ఫిజియోథెరపీ అమ్మాయి మాట గుర్తొచ్చింది. "సార్ వేళ్లు కలుస్తున్నాయండీ, ఇంట్లో బాగా చేయిస్తున్నారు" అని నన్ను మెచ్చుకుంది. నేను చేయించింది ఏమీ లేదు.

అయినా ఆ సాయంత్రం డబ్బా తీసి అటక మీద పెట్టేశాను. అలసిపోయి ఉన్నాను, అంతే. మర్నాడు ఆయన డబ్బా ఉండే చోటు చూశారు, నా వైపు చూశారు, కుర్చీ గోడ వైపు తిప్పుకున్నారు. కుడి చేయి ఒళ్లో పడి ఉంది. కొన్నాళ్లకి తొట్టి అద్దంలా మెరిసింది, చూసేవాళ్లే లేరు. ఆ తేట నీళ్లు చూస్తే నాకు ఏడుపొచ్చింది. స్టూలు వేసుకుని డబ్బా దించి, ఉన్నచోటే పెట్టాను. ఆయన్ని ఏమీ అడగలేదు.

మళ్లీ నీళ్లు పచ్చబడ్డాయి. ఒక ఉదయం కార్డు పట్టుకుని తొట్టిలో చేయి పెట్టబోతుంటే, ఆయన లేచి వచ్చి నా మణికట్టు పట్టుకున్నారు. కుడి చేత్తో. పట్టులో బలం లేదు కానీ వదల్లేదు. పెదవులు చాలాసేపు కూడదీసుకుని, "రంగు" అన్నారు. ఇంకాసేపటికి, "వచ్చింది" అన్నారు.

"వచ్చిందండీ. మంచి రంగొచ్చింది" అన్నాను. కార్డు పక్కన పెట్టేశాను.

ఇప్పుడు ముందు అద్దం ఒక్కటే గీకుతున్నాను, చేపలు కనబడాలి కాబట్టి. వెనక అద్దం ఆయనకి వదిలేశాను, అక్కడ పాచి దట్టంగా పెరుగుతోంది. బావగారు వచ్చినప్పుడు అన్నదమ్ములిద్దరూ దాన్నే చూస్తూ కూర్చుంటారు. నీళ్లు మార్చే పని వారానికి రెండుసార్లయింది. ఫిజియోథెరపీ అమ్మాయి ఇప్పుడు నా భుజానికి కూడా వ్యాయామాలు చెప్పింది. విసుక్కుంటూనే రోజూ చేస్తున్నాను. ఆయన చేయి మేత వేసినన్నాళ్లూ నాకు ఈ చేయి కావాలి.