నల్లపాడు షెడ్డులో తల్లి బొమ్మకు చెయ్యి మార్చిన రోజు

ఈ ఏడు మిరపకోతలప్పుడు మా చేలోకి ఒక శిల్పి వచ్చాడు. పేరు సుధాకర్, పిడుగురాళ్ల సున్నపు బట్టీల మధ్య పెరిగినవాడు. కష్టం చేసుకునేవాళ్ళ బతుకును వాళ్ళు వాడి పారేసిన వస్తువులతోనే బొమ్మలుగా చేస్తానని చెప్పి మా పాత చీరలు, చిరిగిన గోతాలు, మిరప తొడిమలు పట్టుకెళ్ళాడు. మొన్న గురువారం ఒక బొమ్మ ఫొటోను మా అమ్మాయి కరుణ ఫోనుకు పంపాడు. మిరపకాయల రాశి పక్కన ఒక తల్లి, ఒళ్ళో చంటిబిడ్డ. మొదట చూసినప్పుడు ముచ్చటేసింది. రెండోసారి చూస్తే ఒళ్ళు మండింది. ఆ తల్లి అయిదు వేళ్ళూ బిడ్డ బుగ్గ మీద ఆనించి ఉన్నాయి. మిరపకాయలు కోసే ఆడది ఎక్కడైనా ఆ పని చేస్తుందా? సోమవారం బొమ్మలన్నీ లారీలో విశాఖపట్నం ప్రదర్శనకు వెళుతున్నాయని కరుణ చదివి చెప్పింది. ఈలోగా ఆ చెయ్యి అక్కణ్ణుంచి తీయించాలని శనివారం బయలుదేరాం. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే కరుణ రాస్తోంది, ఒక్క ముక్క కూడా మెత్తన చేయొద్దని ముందే చెప్పాను.

పెదనందిపాడులో ఆరున్నర బస్సు ఎక్కితే ఎనిమిదికి ముందే గుంటూరు బస్టాండులో దిగుతాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు జీరో టికెట్టు. రోడ్డుకు రెండు పక్కలా కల్లాల్లో కాయ ఆరబోసి ఉంది. బస్సులో ఎవరు తుమ్ముతున్నారో చూస్తే చాలు, ఈ నేల మీద పుట్టినవాళ్ళెవరో పైఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళెవరో తెలిసిపోతుంది. బస్టాండు బయట బండి దగ్గర ఇడ్లీ ముప్పై రూపాయలు. "కారప్పొడి వేయమంటారా పెద్దమ్మా?" అని అడిగింది బండి ఆమె. "దాని గురించే తగువుకు పోతున్నా, వెయ్యి తల్లీ" అన్నాను. అక్కడినుంచి నల్లపాడుకు ఆటో రెండొందలు అడుగుతారు. మేం నూట యాభైకి కుదుర్చుకున్నాం. ఆటో నడిపే మస్తాన్‌కు షెడ్డు బాగా తెలుసు.

"ఆ సారుకి రంగుపోయిన తాలుకాయ తోలింది నేనే మామ్మగారూ. మూడు రోజులు నా ఆటో ఎక్కినోళ్ళంతా ఏడుస్తానే ఉన్నారు."

"మరి నువ్వేం చేశావు?"

"ఓదార్చానండీ" అన్నాడు.

నల్లపాడు రైల్వే స్టేషను దాటాక ఎడమ చేతి సందులో రేకుల షెడ్డు. లోపలికి వెళ్ళగానే తగువు సంగతి కాసేపు మరిచిపోయాను. నొక్కిన పురుగుమందు డబ్బాలతో ఒక కౌలురైతును చేశాడు. వీపున పంపు కూడా ఉంది, మొహం మాత్రం లేదు. ఆ పక్కన సున్నం మెత్తిన గోనెతో సుధాకర్ వాళ్ళ నాన్న, ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని. చివర ఆ తల్లి. జుట్టంతా తొడిమలు. నా నీలం చీరే కట్టాడు, కొంగు కూడా సరిగ్గా దోపాడు. వేళ్ళకు జిగురులో కలిపిన కారం పూశాడు. ఎర్రటి చెయ్యి, తెల్లటి సున్నపు బుగ్గ.

"బాగుందా అమ్మా?" అన్నాడు సుధాకర్.

"అన్నీ బాగున్నాయి అబ్బాయ్. ఆ చెయ్యి తీసెయ్."

"అదే కదమ్మా ఈ బొమ్మకు ప్రాణం. అది ప్రేమ."

"ప్రేమున్న తల్లి ఆ చెయ్యి అక్కడ పెట్టదు. పది మడుల కాయ కోసిన చేత్తో బిడ్డ బుగ్గ పట్టుకుంటే ఆ బిడ్డ గుక్కపట్టి ఏడవదా? ఈ బొమ్మ చూసినవాళ్ళు మేం తెలివితక్కువ వాళ్ళమనుకోరా?"

అతను తల గోక్కున్నాడు. మూడు నెలల పని అన్నాడు, ఎల్లుండే లారీ అన్నాడు, చెయ్యి కోస్తే భుజం దాకా పగులుతుందన్నాడు. పగలనీ అన్నాను. అప్పుడే, ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పని సంగతి నా నోట్లోంచి వచ్చేసింది. కరుణ మూడు నెలల పిల్లగా ఉన్నప్పుడు గట్టు మీద ఉయ్యాల్లో పడుకోబెట్టి కోతకు దిగాను. కంటి మీద ఈగ వాలితే వేలితో తుడిచాను. అంతే, పిల్ల పొద్దుగూకేదాకా ఏడ్చింది. చనుబాలు పిండి కంట్లో వేస్తూ నేనూ దానితోపాటే ఏడ్చాను. ఆ తరవాత కోతలు నడిచినన్నాళ్ళూ దాని మొహం మీద నా వేలు పడనివ్వలేదు.

కరుణ నన్నే చూస్తూ నిలబడింది. "అందుకేనా, నా మొహానికి పౌడరు కూడా పిన్ని చేత రాయించేదానివి?"

"మరి? నేను రాస్తే కారప్పొడి అయ్యేది."

"నేనంటే విసుగనుకున్నానే అమ్మా."

"అనుకుంటే అడగొచ్చుగా, నోరు లేదా?" అన్నాను. అంతకంటే మెత్తగా నాకు మాట రాలేదు.

సుధాకర్ ఒక మడత గోతాం నా చేతికిచ్చి, "ఎలా ఎత్తుకునేవారో చూపించండి" అన్నాడు. చూపించాను. తల మోచేతి వంపులో, వీపు కింద అదే ముంజేయి, బుగ్గకు ఆనేది రెండో చేతి మణికట్టు వెనక వైపు. వేళ్ళు మాత్రం దూరంగా, గాల్లో విప్పుకుని ఉంటాయి. అతను చుట్టూ తిరిగి మూడుసార్లు చూశాడు. రంపం తీసుకున్నాడు. అనుకున్నంత కాలేదు, మోచేతి దగ్గరే ఊడింది.

తరవాత నా ముంజేతికి నూనె రాసి, ఎముక విరిగితే ఆసుపత్రిలో వేసే పిండికట్టు లాంటిది చుట్టాడు. ఇరవై నిమిషాలు కదలకూడదన్నాడు. అది ఆరుతుంటే వెచ్చగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే నా ముక్కు దురద పెట్టింది. కరుణ నవ్వుతూ గోకింది, ఆ చేత్తోనే నా బుగ్గ కూడా ఒకసారి తుడిచింది. కట్టు విప్పాక, అచ్చు పోసి ఆరడానికి వారం పడుతుంది, లారీకి అందదు అన్నాడు సుధాకర్.

"మరి తల్లి లేకుండా పంపుతావా?"

"మిగతావాళ్ళు ముందు వెళ్తారు. ఆమె తన చెయ్యి వచ్చాక బయలుదేరుతుంది" అన్నాడు. పది మాటలు తిట్టాలని వెళ్ళిన దాన్ని, అతని తల నిమిరి వచ్చాను.

మమ్మల్ని బొమ్మలు చేస్తారని నేను కలలో కూడా అనుకోలేదు. చేసినవాడు అడిగి తెలుసుకున్నాడు, తెలియనిచోట చేసింది కోసుకున్నాడు. అది చిన్న సంగతి కాదు. ముద్దు చేయడమంటే దగ్గరకు తీసుకోవడమే అనుకుంటారు అందరూ. మా చేలల్లో బిడ్డలు, అమ్మ వేళ్ళను దూరంగా చూస్తూనే పెరిగారు. ఎందుకో వాళ్ళకు మేం చెప్పలేదు. ఆ బొమ్మ చూసి వాళ్ళలో ఒక్కరు ఇంటికెళ్ళి అడిగినా చాలు.

వెళ్ళేవాళ్ళకు ఒక్కటే చెబుతాను. నెలాఖరు దాకా ఆ తల్లి షెడ్డులోనే ఉంటుంది. పదింటిలోపే వెళ్ళండి, రేకులు కాగితే ఘాటు లేస్తుంది. బొమ్మను ముట్టుకోనిస్తాడు. ముట్టుకుంటే మాత్రం చేతులకు నూనె రాసుకుని, ఆ తరవాత సబ్బుతో కడగండి, ఉత్త నీళ్ళకు కారం పోదు. చంటిబిడ్డతో వెళ్ళేటట్టయితే ఇద్దరు వెళ్ళండి. ఒకరు బొమ్మను ముట్టుకోండి, ఒకరు బిడ్డను ఎత్తుకోండి.