పెద్దత్త సామాన్లు, నా పందిరిమంచం

ఆ కాలంలో మా చిత్తూరు వైపు ఇళ్ళలోకి వస్తువు రావడమే గానీ బయటికి పోవడం అనేది ఉండేది కాదు. పగిలిన జాడీలో చింతగింజలు పోసేవారు, కాలు విరిగిన బల్లను గోడకు ఆనించి దానిమీద పాత పరుపులు పేర్చేవారు, చిల్లుపడిన బిందెలో తులసిమొక్క నాటేవారు. ‘ఎప్పుడైనా పనికొస్తుంది’ అనే ఒక్క మాటను నమ్ముకుని తరతరాల సామాన్లు ఒకే కప్పు కింద నిశ్చింతగా బతికేవి. మనుషులు మాత్రం వాటి మధ్య ఒదిగి, పక్కకు తిరిగి నడుస్తూ కాలం గడిపేవారు. నేనూ ఆ గాలి పీల్చి పెరిగినవాణ్ణే. అందుకే డెబ్బైల చివర్లో మా పెద్దత్త ఇల్లు ఖాళీ చేస్తానని ప్రకటించినప్పుడు, అందరిలాగే నేనూ ఆమెకు ఏదో అయిందనే అనుకున్నాను.

పెద్దత్త అంటే మా నాయనకు పెద్దక్క. మామకు చిత్తూరులో పాత్రల అంగడి ఉండేది. అంగడిలో అమ్ముడుపోనివన్నీ మెల్లగా ఇంటికి చేరేవి. ఇంట్లో ఆమె అత్తగారి కాలం నాటివి ఎలాగూ ఉండనే ఉన్నాయి. అండాలు, గంగాళాలు, ఒకదాంట్లో ఒకటి కూర్చున్న గిన్నెలు, తలుపు చాటున తాంబాళాలు (రాత్రిపూట ఎలుక పరిగెత్తితే ఆ ఇంట్లో భజన జరుగుతున్నట్టుండేది). వాళ్ళకు పిల్లల్లేరు. మామ పోయిన కొన్నేళ్ళకు, ఆ ఇంటిని మామ తమ్ముడి కొడుకు సంసారానికి అప్పజెప్పి, తాను తిరుపతిలో ఒక గదీ వంటిల్లూ ఉన్న చిన్న వాటాలో ఉంటానంది పెద్దత్త. ‘సామాన్లో?’ అంటే ‘ఇచ్చేస్తా’ అంది.

అప్పుడే నాకు రేణిగుంటలో ఒక లారీ సర్వీసు గోడౌనులో గుమాస్తా ఉద్యోగం దొరికింది. సరుకు మూటలు కట్టించి లారీకి ఎక్కించడం నా పని గనక, సామాన్ల విషయంలో నన్ను మించినవాడు లేడని నాయన నమ్మకం (నా నమ్మకం అంతకంటే గట్టిది). ఆయన నన్ను పక్కకు పిలిచి, “పొయ్యి సాయం సేసినట్టే సెయ్. ఒక్క చెంబు కూడా గడప దాటనీయొద్దు, తెలిసిందా?” అని పంపించాడు. నేను కట్టెడు గోతాలు, కొబ్బరితాళ్ళు తీసుకుని వీరుడిలా చిత్తూరులో దిగాను.

పెద్దత్త వసారాలో పీట వేసుకుని కూర్చుని ఉంది. సన్నటి మనిషి, చేతులు మాత్రం ఇత్తడి తోమి తోమి ఇనుములా ఉండేవి. నా గోతాలను ఎగాదిగా చూసింది.

“అవెందుకురా అబ్బోడా?”

“మూటలు కట్టేదానికి అత్తా.”

“మూటలు కట్టేది ఎత్తుకుపొయ్యేవాళ్ళు. నేను ఇచ్చేసేదానికి కూసున్నా. అవి ఆడ మడిసిపెట్టి బిన్నా రా, నిండా పనుండాది.”

నా వీరత్వం అంతటితో సరి. ఆ తర్వాత నేను చూసింది మాత్రం ఈనాటికీ మరిచిపోలేను. ఎవరింట్లో ఏమి లేదో ఆమె అంతకుముందు చాలా రోజులుగా ఊళ్ళో తిరుగుతూ కనిపెట్టి ఉంచుకుంది. పూలమ్మే ఆమెకు వెడల్పాటి తాంబాళం ఇచ్చి, తడిగుడ్డ పరిచి మూరలు ఎలా పేర్చుకోవాలో చూపించింది. దర్జీ కూతురికి నెలలు నిండుతున్నాయని ఉయ్యాలతొట్టి పంపింది. క్షవరం చేసే అతను నిలువుటద్దాన్ని చూసి, “ఇంత పెద్దద్దం నా అంగట్లో పట్టదేమోమ్మా” అంటే, “అంగట్లో అద్దం పట్టకపోయినా అద్దంలో గిరాకీ మొగం పడతాదిలే, ఎత్తుకోపో” అంది. ఎదురింటి కలిగినావిడ మాత్రం పెద్ద గంగాళం మీద కన్నేసి, “నీ గుర్తుగా మా అటక మీద పెట్టుకుంటా వదినా” అంది. పెద్దత్త ఎంతో మర్యాదగా, “అటక మీద పెట్టేదానికైతే నా అటక మీదనే ఉండాది గదమ్మా” అని, ఆ గంగాళాన్ని పెండ్లి వంటలు చేసేవాళ్ళకు ఇప్పించింది. వాడుకునేవాళ్ళకే ఇస్తుంది, దాచుకునేవాళ్ళకు ఇవ్వదు. ఆ గీత దాటడం ఎవరి తరమూ కాలేదు.

నా నుంచి కబురేమీ అందకపోవడంతో నాయన బస్సెక్కి వచ్చేశాడు. సగం ఖాళీ అయిన ఇంట్లో ఆయన గొంతు ఖంగుమని మోగింది.

“ఏందక్కా ఇది? తమ్ముడుండి కూడా అక్కను కట్టుబట్టల్తో పంపించినాడని ఊళ్ళో నన్ను గదా అనేది!”

“అననీలే అబ్బా. కూసో, మజ్జిగ తాగు.”

“తాగేదానికి గలాసన్నా ఉంచినావా?”

“ఒకటుండాది. నువ్వు తాగినాక నేను తాగుతా.”

నాకు నవ్వొచ్చింది. నాయన చూపు చూసి దగ్గుగా మార్చుకున్నాను. పెద్దత్త నెమ్మదిగా అడిగింది: “నీ పెద్దకూతురి పెండ్లికి నేను ఎప్పుడొస్తి?”

“పొద్దున.”

“ఎప్పుడు పోతి?”

“మాపటికే పోయినావు. ఆ కోపం నాకు ఇంకా ఉండాది.”

“ఎందుకు పోయినాననుకుంటివి? ఇంట్లో ఇత్తడుండాది, రాగుండాది, దొంగలు పడతారని. మీ బావ ఉన్నప్పుడూ అంతే, పోయినాకా అంతే. ఈ ఇంటికి కోడలుగా వచ్చినప్పటి నుంచి ఒక్క రాత్రి బయట పండుకోలేదబ్బా నేను. రామేశ్వరం సూడల్లని ఉండాది. సముద్రం ఎట్లుంటాదో కూడా నాకు తెల్దు.”

నాయన కూర్చున్నాడు. మజ్జిగ తాగాడు. ఆ ఒక్క గ్లాసునూ తానే కడిగి అక్క చేతికిచ్చాడు. పంచె పైకి కట్టి, నన్ను కసురుతూ (కోపం ఎక్కడో ఒకచోట చూపాలి కదా) కాగుబిందె ఎత్తి టీకొట్టు మనిషి బండిలో తానే పెట్టి వచ్చాడు.

ఆమె తడబడడం నేను చూసింది ఒక్కసారే. అంతా అయ్యాక వసారా బెంచీ కింద మామ చెప్పులు మిగిలాయి. ఆయన పోయిన రోజు నుంచీ అక్కడే ఉన్నాయట. నాయనా నేనూ చెరో దిక్కూ చూస్తూ నిలబడ్డాం. పెద్దత్త వాటిని చేతిలోకి తీసుకుని, కొంగుతో దుమ్ము తుడిచి, చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. చివరికి పాతగుడ్డ ముక్క ముందువైపు కుక్కి తానే తొడుక్కుంది. వసారాలో అటూ ఇటూ నడిచి, “కొంచెం వదులు. తిరపతి దాకా పోతాదిలే” అంది. ఆ కాలపు ఆడమనిషి మగవాళ్ళ చెప్పులతో బజారువీధిలో తలెత్తుకుని నడిచిపోవడం చిత్తూరు అదే మొదటిసారి చూసి ఉంటుంది.

ఇక నా సంగతి. ఇంత గొప్ప దృశ్యం కళ్ళారా చూసి నేను నేర్చుకున్నదేమిటయ్యా అంటే, పందిరిమంచం నాకు కావాలని అడగడం! నాలుగు స్తంభాలు, చెక్కిన చిలకలు, మధ్యలో అద్దాలు. పరాయివాళ్ళ పాలవుతుందంటే ప్రాణం ఒప్పలేదు. “నేను పండుకుంటా అత్తా” అన్నాను. ఊపులో విసుర్రాయి కూడా అడిగాను. (“రాగిపిండి విసురుకుంటా.” నేనప్పుడు మూడుపూటలా హోటల్లో తినేవాణ్ణి.) పెద్దత్త నన్ను జాలిగా చూసి, “తీస్కపో. అయితే వాడుకోవల్ల. నేనొచ్చి సూస్తా” అంది.

రేణిగుంటలో నేనుండే గది ఎంతదో అప్పటిదాకా నేను సరిగ్గా గమనించలేదు. మంచాన్ని విడదీసి లోపలికి చేర్చి బిగించాక గదిలో మంచం తప్ప మరేమీ లేదు. తలుపు సగమే తెరుచుకునేది. గడప బయట చెప్పులు విడిచి నేరుగా మంచం మీదికి ఎక్కాలి, మంచం మీదుగా కిటికీ దగ్గరికి పాకాలి. విసుర్రాయి మంచం కిందికి పోయింది. అద్దాల్లో పొద్దున్నే నా మొహం నాలుగు వైపుల నుంచీ కనబడి భయపెట్టేది. అయినా గోడౌనులో అందరితో ‘మాది పందిరిమంచం’ అని గొప్పలు పోయేవాణ్ణి.

కొన్నాళ్ళకు పెద్దత్త నుంచి కబురు: రామేశ్వరం పోతున్నానని, సాయంత్రం రైలని, మధ్యాహ్నం నా గదిలో కాసేపు నడుం వాలుస్తానని. మంచం కింది విసుర్రాయి అప్పుడు గుర్తొచ్చింది. పరుగున పోయి రాగులు తెచ్చాను. ఆమె వచ్చే వేళకు రాయి తిరుగుతూ ఉండాలని, మంచం కిందికి దూరి బోర్లా పడుకుని విసరడం మొదలుపెట్టాను. దుమ్ము కళ్ళలో పడుతోంది, రాగులు మాత్రం నలగకుండా పోసినవి పోసినట్టే బయటికొస్తున్నాయి. గడప దగ్గర అడుగుల చప్పుడైంది. ఆమెకు కనబడినవి మంచం కింద నుంచి బయటికి చాచిన నా రెండు కాళ్ళు.

“రేయ్, బతికే ఉండావా?”

“పిండి విసరతా ఉండా అత్తా! రోజూ విసరతా!”

ఆమె వంగి చూసింది. “అట్లనా. మరి ఆ కిందిరాయికి సాలీడు గూడు ఎప్పుడు కట్టిందిరా?”

నేను దుమ్ముకొట్టుకున్న మొహంతో బయటికి వచ్చేసరికి పెద్దత్త గడప మీద కూలబడి, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతోంది. అంతకుముందెన్నడూ ఆమె అంతగా నవ్వడం నేను చూడలేదు. తిట్టలేదు. “లోపలికి రాను. వస్తే నువ్వు బయటికి పోవల్ల” అని మాత్రం అంది. తర్వాత, వచ్చినావిడ నడుం వాల్చాల్సింది పోయి, కొంగు దోపి వీధిలోకి నడిచింది. పట్టాల మీద పనిచేసే గ్యాంగ్‌మన్ ఇంట్లో పిల్లలందరూ నేలమీదే పడుకుంటారని, వానాకాలం చెమ్మకు దగ్గులని, ఎవరితోనో రెండు మాటలు మాట్లాడి తెలుసుకుంది. ఎండ తగ్గేలోపు ఆ మంచం వాళ్ళ ఇంట్లో ఉంది. పిల్లలు దానిమీదికి ఎక్కి, స్తంభాలు పట్టుకుని గిరగిరా తిరిగి, అద్దాల్లో నాలుకలు చాపి చూసుకుంటున్నారు. తల్లి వద్దంటున్నా వినకుండా ఒకరి మీద ఒకరు పడి అప్పుడే పడుకోవడం కూడా మొదలుపెట్టారు. విసుర్రాయి ఆ ఇల్లాలికే. అది చేతిలో పడగానే మెత్తటి పిండి రాలింది.

ఖాళీ అయిన నా గదిలో పెద్దత్త చాప వేసుకుని కాళ్ళు చాపి కూర్చుంది. “నిండా బాగుండాదిరా నీ గది. గాలొస్తా ఉండాది” అంది. నిజంగానే వస్తోంది. ఆ గదికి గాలి వస్తుందని నాకప్పుడే తెలిసింది.

సాయంత్రం రైలెక్కించాను. భుజానికి ఒక సంచి, అంతే. చుట్టూ యాత్రకు బయల్దేరిన ఆడవాళ్ళు ట్రంకుపెట్టెలతో, పరుపుచుట్టలతో, స్టవ్వులతో కూలీలను పిలుస్తుంటే, ఆమె అందరికంటే ముందు ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది.

“అబ్బోడా, రైల్లో నిద్ర పడతాదా?”

“పడతాది అత్తా. భయమెందుకు?”

“భయం గాదురా. పట్టకుంటే మేలు. సూస్తా పోవచ్చు.”

ఆ తర్వాత ఆమె పూరీ పోయింది, కన్యాకుమారి పోయింది, నాయన్ను కూడా ఒకసారి వెంటబెట్టుకుని పోయింది.

ఇప్పుడు నేను ఆమె అప్పటి వయసు దాటేశాను. పోయిన వారం మా ఆవిడ పోరు పడలేక, తిరుపతిలో మా ఇంటి అటక సర్దుదామని స్టూలెక్కాను. ఒక పాత టేబుల్ ఫ్యాను దొరికింది. రెక్కలు లేవు. పారేద్దామనే చేతిలోకి తీసుకున్నాను, దేవుడి సాక్షిగా. తిప్పి చూశాను. మోటారు బాగానే ఉన్నట్టుంది. రెక్కలు ఎక్కడైనా దొరక్కపోవు. తుడిచి, ఇంకొంచెం లోపలికి జరిపి పెట్టాను. “ఏం పారేసినారు?” అని కింద నుంచి మా ఆవిడ అడిగింది. ఈ వయసుకల్లా మా పెద్దత్త సముద్రం చూడ్డానికి రైలెక్కేసింది. నేనింకా స్టూలు దిగలేదు.