బండి కప్పు మీది అక్షరాలు

మా మావయ్య ఒకప్పుడు కుళాయిల కొట్టు బోర్డు మీద కుళాయి బొమ్మ వేస్తే, దాని కింద ఒక కుక్క నాలుక చాపుకుని పొద్దుగూకే దాకా కూర్చుంది. ఇది నేను కళ్లారా చూశాను. నీళ్లు రావడం లేదని విసుగెత్తి పక్క వీధికి పోయిందే తప్ప, అది బొమ్మేమోనన్న అనుమానం మాత్రం దానికి రాలేదు. బడి నాకు దండం పెట్టి సాగనంపాక నేను చదవడం నేర్చుకున్నది ఆయన బోర్డుల మీదే. అందుకే నా చదువు 'ఇచ్చట సైకిళ్లు అద్దెకు ఇవ్వబడును' దగ్గర ఆగింది. అయినా ఊళ్లో నా అంత గుండ్రంగా సంతకం పెట్టేవాడు లేడు.

తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. మావయ్య కుంచెలు కిరసనాయిలు డబ్బాలో నిలబడి నిలబడి బిగుసుకుపోయాయి. ఇంటి బరువు అత్తయ్య మీద పడింది. హోటళ్ల బల్లగుడ్డలు, కిటికీ తెరలు తెచ్చి, ఉతికి, ఇస్త్రీ చేసి, తోపుడుబండి మీద మళ్లీ అప్పగించేది. కొన్నేళ్లకు ఆమె మోకాళ్లు మొరాయించాయి. మెట్టు ఎక్కాలంటే గోడ పట్టుకునేది. మావయ్య అది చూసి తల దించుకునేవాడు. ఆయన తల దించుకోవడం నేను మొదటిసారి చూసింది అప్పుడే.

అలాగని చేతులు ముడుచుకు కూర్చునే మనిషి కాదు. పాత రిక్షా చట్రం ఒకటి, తుక్కుకు వేసిన స్కూటరు మోటారు ఒకటి సంపాదించాడు. బ్యాటరీలు అత్తయ్య తమ్ముడు ఇచ్చాడు. ఆయనకు బజార్లో బ్యాటరీల కొట్టుంది, మేమంతా బ్యాటరీల బాబాయి అంటాం. వాళ్లమ్మ చిన్నప్పుడే పోతే అత్తయ్యే చంకనేసుకుని పెంచిందట. ఆ కొట్టు బోర్డు రాసింది కూడా మావయ్యే. ఎర్రటి అక్షరాలు, పసుపు అంచు. ఆ అంచు మెరుపుకు బాబాయి కొట్టు ముందు వీధి దీపం అక్కర్లేకపోయింది, కావాలంటే ఎవరినైనా అడగండి.

బండి నడిచింది. మావయ్య ఛాతీ రెండంగుళాలు పెరిగింది. కానీ హోటళ్ల నుంచి తిరిగొచ్చేటప్పుడు వంతెన ఎక్కాలి. ఎత్తు సగంలో ఉండగా ఛార్జి అయిపోయేది. అత్తయ్య బ్రేకు బిగబట్టుకుని, మాసిన గుడ్డల గుట్టతో నడిరోడ్డు మీద కూర్చునేది, ఎవరైనా దయతలిచి తోసేదాకా.

"పెద్దమ్మా, పొద్దున దీనికి గడ్డి వెయ్యలేదా?" అన్నాడట ఒకడు తోస్తూ.

అత్తయ్య అది ఇంటికొచ్చి నవ్వుతూనే చెప్పింది. నవ్వలేనిది మావయ్యే.

"బావా, కప్పు మీద సోలార్ పలక బిగించు. పగలంతా ఎండ తాగుతుంది, సాయంత్రం వంతెన అదే ఎక్కేస్తుంది" అన్నాడు బాబాయి. మంచి పలక చూసి తనే పంపాడు. మావయ్య బండికి నాలుగు ఇనప కడ్డీలు నిలబెట్టి, తలకంటే ఎత్తున పలక బిగించాడు. ఎండ ఎంత పడుతోందో తెలియడానికి హ్యాండిలు దగ్గర ఒక ముల్లు మీటరు కూడా పెట్టాడు.

ఇంతవరకు ఎవరైనా చేసే పనే. ఇక బోర్డులు రాసేవాడు మాత్రమే చెయ్యగలిగిన పని చూడండి. మనకు అది సోలార్ పలక. మావయ్యకు నల్లగా, నున్నగా, ఖాళీగా ఉన్న బోర్డు. ఖాళీ బోర్డు కనబడితే ఆయన చేతికి దురద. కుంచెలు నానబెట్టి, పలక ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తెల్లటి ఎనామెల్‌తో లావుపాటి అక్షరాలు దిద్దాడు: 'మల్లెపూవులా ఉతికి ఇస్తాం'.

"ఎవరికి కనబడుతుంది మావయ్యా, కాకులకా?" అన్నాను.

"మేడల మీద మనుషులు లేరట్రా? బల్లగుడ్డలు వాడే హోటళ్లన్నీ మేడల మీదే ఉంటాయి, అక్కుపక్షీ!"

నేను స్టూలెక్కి ఇంకోసారి చూశాను. నిజం చెప్పాలంటే అక్షరాలు అంత బాగున్నాయి.

బండి మాత్రం వంతెన మీద ఆగిపోతూనే వచ్చింది. మీటరు ముల్లు జ్వరం వచ్చినవాడిలా అడుగునే పడుకునేది. మావయ్య తీగలు విప్పాడు, కట్టాడు, సూర్యుణ్ణి తిట్టాడు. చివరికి ఒకరోజు నిండు బజార్లో, బేరానికి వచ్చినవాళ్ల ముందే, బాబాయి కొట్టు మెట్ల మీద నిలబడి అరిచాడు.

"సొంత అక్కకే చచ్చిన పలక అంటగట్టావు కదరా! పైవాళ్లను ఇంకెంత ముంచుతున్నావో!"

"బండి ఒకసారి తీసుకురా బావా, చూస్తాను" అన్నాడు బాబాయి.

"చూసేదేముంది? దొంగ సరుకు మొహం చూసి చెప్పొచ్చు!"

అంతటితో ఆగలేదు. మర్నాడు నిచ్చెన వేసుకుని, తన అక్షరాలు దొంగ నెత్తిన ఉండటానికి వీల్లేదని, ఆ కొట్టు బోర్డు మొత్తానికి నల్లరంగు పూసేశాడు. బాబాయి కింద నిలబడి చూశాడు. అడ్డం రాలేదు. ఆ తర్వాత వేరే బోర్డూ పెట్టుకోలేదు.

అత్తయ్య మొగుడి మాటే నమ్మింది. ఆ కొట్టు ముందు నుంచి వెళ్లినప్పుడల్లా మొహం అటు తిప్పుకునేది.

పలక తిరిగి ఇచ్చేసి రావాలని మావయ్య నిశ్చయించుకున్నాడు. అయితే చచ్చిన పలకతో తన అక్షరాలు పోవడం ఆయనకు ఇష్టం లేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో స్టూలెక్కి, థిన్నరులో గుడ్డ ముంచి తుడవడం మొదలుపెట్టాడు. నేను హ్యాండిలు దగ్గర కూర్చుని ఈలవేస్తున్నాను. 'మల్లె' పోయింది. ముల్లు కదిలింది. 'పూవులా' పోయింది. ముల్లు ఇంకా పైకి జరిగింది.

"మావయ్యా, ముల్లు లేస్తోంది!"

ఆయన వంగి చూశాడు. చెయ్యి అడ్డం పెట్టాడు, ముల్లు పడింది. చెయ్యి తీశాడు, లేచింది. మిగిలిన అక్షరాలు ఒక్కొక్కటే తుడిచాడు. ఆఖరిది పోయేసరికి ముల్లు ఆ చివరకు వెళ్లి వణుకుతూ నిలబడింది. మావయ్య స్టూలు దిగి, బండి నీడలో నేలమీద చతికిలపడ్డాడు.

గుడ్డల మూటతో అత్తయ్య బయటికి వచ్చి మీటరు చూసింది.

"బాగుచేసేశారా! మీ చెయ్యి పడ్డాక కానిదేముందండీ!"

మావయ్య థిన్నరు డబ్బా మూత వెతుక్కున్నాడు.

ఆ సాయంత్రం బండి వంతెనను నవ్వుకుంటూ ఎక్కింది. వెనక గుడ్డల మీద మావయ్య, నేను. ఎదురైన వాళ్లందరికీ అత్తయ్య ఒకటే చెప్పింది, "మా తమ్ముడు చచ్చిన పలక ఇస్తే, మా ఆయన ప్రాణం పోశాడు" అని. మావయ్య గుడ్డల్లోకి ఇంకా కుంగిపోయాడు. వంతెన దిగగానే బాబాయి కొట్టు. నల్లటి బోర్డు కింద బాబాయి నిలబడి ఉన్నాడు. బండి హాయిగా వస్తుండటం చూసి ఆయన మొహం వెలిగింది. అక్క వైపు చెయ్యి సగం ఎత్తాడు. అత్తయ్య మొహం తిప్పుకుంది. ఆ చెయ్యి అలాగే దిగిపోయింది.

"బండి ఆపవే" అన్నాడు మావయ్య. "పలక మంచిదే. నా రాతలే ఎండకు అడ్డం. మీ తమ్ముడు ఏ తప్పూ చెయ్యలేదు."

అత్తయ్య ఆయన వైపు తిరగలేదు. హ్యాండిలు మీద తన చేతులనే చూసుకుంది.

"నేను వాణ్ణి పెంచాను కదండీ" అంది. "నేనైనా ఒకసారి అడిగి ఉండాల్సింది." బండి ఆపకుండా ఇంటికి తోలేసింది. తమ్ముడి ఎదట నిలబడే మొహం ఆమెకు లేకపోయింది.

మర్నాడు పొద్దున్నే మావయ్య రంగు డబ్బాలు, నిచ్చెన పట్టుకుని బాబాయి కొట్టుకు వెళ్లాడు. బజారంతా తెరుచుకున్న వేళ. బాబాయి లోపల కూర్చుని, చూసీ చూడనట్టు తీగలు చుట్టుకుంటున్నాడు.

"ఏంటి పెయింటరుగారూ, చెరిపిందీ మీరే, రాసేదీ మీరేనా?" ఎదురు కొట్టు దర్జీ కేక వేశాడు.

"తప్పు నాదయ్యా. పలక మీద అక్షరాలు రాసి ఎండకు అడ్డం పెట్టింది నేను. మా బావమరిదిని దొంగ అన్నదీ నేనే."

అడిగిన ప్రతివాడికీ ఆ మాటే చెప్పాడు. కొంతమంది రెండోసారి వినడానికి మళ్లీ వచ్చి అడిగారు. వాళ్లకూ చెప్పాడు. చెవులు ఆయన పూస్తున్న రంగు కంటే ఎర్రగా ఉన్నాయి.

ఇంతలో అత్తయ్య బండి వచ్చి ఆగింది. ఆమె దిగి నిచ్చెన పట్టుకుంది. బాబాయి తీగలు పక్కన పెట్టి బయటికి వచ్చాడు. అత్తయ్య తమ్ముణ్ణి ఎగాదిగా చూసింది.

"చిక్కిపోయావేంట్రా? తింటున్నావా లేదా?"

"తింటున్నానక్కా. బండి వంతెన ఎక్కుతోందిగా?"

"ఎక్కుతోంది" అని అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నిచ్చెన మీద మావయ్య వెనక్కి తిరగలేదు. 'బ్యాటరీ'లో 'రీ' దగ్గర ఉంది కుంచె. ఆయన గీత తప్పడం నేను ఎరిగినంతలో అదొక్కసారే. ఆ గుడిదీర్ఘం వంకరపోయింది.

ఇప్పటికీ అలాగే ఉంది. దిద్దెయ్యి బావా అని బాబాయి ఎన్నిసార్లు చెప్పినా మావయ్య దిద్దడు. ఇప్పుడు రోజూ బండిలో ఆ కొట్టు ముందు నుంచే వస్తాడు, దిగి బాబాయితో మాట్లాడతాడు కూడా. తల ఎత్తి బోర్డు మాత్రం చూడడు.